సుద్దగీతల పడవ

మేస్త్రి చెక్కను ముట్టుకునే ముందు నేలను ముట్టుకుంటాడు. ఎవరింట్లో వంటగది అలమర చేయాలన్నా, బట్టల బీరువా బిగించాలన్నా, ముందు ఖాళీ గదిలో మోకాళ్ళ మీద కూర్చుని ఆ సామానంతా అసలు కొలతల్లో సుద్దముక్కతో నేల మీద గీస్తాడు. ఇది పొయ్యి, ఇది సింకు, ఇదిగో ఈ వంపు ఫ్రిజ్ తలుపు తిరిగే దారి. గీసిన తర్వాత తను గోడకి ఆనుకుని నిలబడి, ఇంటావిడను గీతల మధ్యకి పంపి, లేని పొయ్యి మీద లేని పాలు కాచమంటాడు. లేని పాలు పొంగినప్పుడు లేని గరిటె కోసం ఆవిడ ఎటు తిరుగుతుందో చూసుకుని, అప్పుడు రంపం బయటికి తీస్తాడు. ఒకావిడ ఆ లేని పొయ్యి మీద చెయ్యి కాల్చుకుని మందు కూడా రాసుకుందని వీధిలో చెప్పుకుంటారు. మేస్త్రి ఆ మాట కాదనడు. పైగా, “గీత అంత కరెక్టుగా పడింది మరి” అంటాడు.

ఇంత పద్ధతైన మనిషిని కట్టుకున్న ఆడమనిషి ఎలా ఉంటుంది? విసుగ్గా ఉంటుంది.

ఆవిడ కంటి ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ నర్సు. మొగుడు తప్ప వీధంతా ఆవిడను ‘సిస్టర్’ అనే పిలుస్తుంది. ఆ థియేటర్‌కి కిటికీ లేదు. ఒక పెద్ద దీపం, దాని కింద మైక్రోస్కోపు, దాని కింద ఎవరిదో ఒక కన్ను. పొద్దున్నించి సాయంత్రం దాకా ఆవిడ డాక్టరుగారి చేతికి పట్టకార్లూ కత్తెరలూ అందిస్తూ ఆ కంటినే చూస్తుంది. జనం తమ కంటి పొరలు తీయించుకుని, కొండ మీద గొర్రె కూడా కనిపిస్తోందని మురిసిపోతూ వెళ్ళిపోతారు. సిస్టర్ చూపు మాత్రం మూర దూరం దాటదు. బస్సెక్కితే ఎదుటివాడి భుజం, ఇంటికొస్తే ఎదురింటి గోడ. ఆ గోడ మీద పెచ్చు ఊడినచోట ఒంటె ఆకారం ఉంటుంది. కొన్నేళ్ళుగా ఆవిడ చూసిన అతి దూరపు ప్రాణి ఆ ఒంటే.

అలాంటి మనిషి ఒకరోజు ఆసుపత్రిలో రోగులు కూర్చునే చోట ఒక పత్రిక తిరగేస్తుంటే ఒక బొమ్మ కనబడింది. నడిసముద్రంలో ఒక చిన్న తెరచాప పడవ. చుట్టూ నీళ్ళు, నీళ్ళ చివర ఆకాశం, మధ్యలో అక్కడక్కడా పచ్చటి చుక్కల్లా దీవులు. ఆ పేజీ చించి తెచ్చి మొగుడికి చూపించింది.

“ఏవండీ, ఇక్కడ కూర్చుంటే చూపు ఎక్కడ ఆగుతుంది?”

మేస్త్రి కళ్ళజోడు సర్దుకుని, బొమ్మను దగ్గరగా, దూరంగా పెట్టి చూసి, “ఎక్కడా ఆగదు” అన్నాడు.

“అయితే అక్కడికి వెళదాం.”

పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆవిడ ఇంత స్పష్టంగా ఏదీ అడిగి ఎరగదు. అతను కాదని ఉంటే బాగుండేది, ఒక పూట పోట్లాడుకుని తేల్చుకునేవాళ్ళు. అతను కాదనలేదు. “సరే, ప్లాన్ చేద్దాం” అన్నాడు. సిస్టర్ గుండె అప్పుడే జారింది.

ఆ ప్లాను ఇంటికొచ్చిన చుట్టంలా ముందు భోజనాల బల్ల మీద కూర్చుంది, తర్వాత గోడెక్కింది, ఆ తర్వాత మంచం కూడా ఎక్కింది. బొమ్మలోని ఆ ద్వీపాల దేశపు మ్యాపు చూస్తే, ఎవరో గుప్పెడు బఠాణీలు నీళ్ళలోకి విసిరి వెళ్ళిపోయినట్టుంటుంది. సగం దీవుల్లో మనుషులుంటారు, మిగతా సగంలో కొబ్బరిచెట్లు, పీతలు. మేస్త్రి ఆ మ్యాపు మీద మూలమట్టం పెట్టి ఒక దీవి నుంచి ఇంకో దీవికి తిన్నగా గీతలు గీశాడు. సొరుగు లాగితే ఎంత సాఫీగా రావాలో పడవ అంత సాఫీగా పోవాలని అతని లెక్క.

పడవ నడిపే కెప్టెన్ ఆ దేశంవాడే. పడవా అతనిదే. నలుగురు లేనిదే తెరచాప ఎత్తనని మొదటే చెప్పేశాడు. దాంతో మొగుడూ పెళ్ళాం కాక ఇంకో ఇద్దరు కావలసి వచ్చారు. ఒకరు మేస్త్రి అక్కగారు. టెలిఫోన్ ఎక్స్చేంజిలో పనిచేసి రిటైరైన మనిషి, ఇప్పటికీ చేతికి ఫోను ఇస్తే నడుం దానంతటదే నిటారవుతుంది. కెప్టెన్ భాష వచ్చింది కూడా ఆవిడ ఒక్కదానికే కనుక మాటలన్నీ ఆవిడ ద్వారానే నడిచేవి. రెండో మనిషి సిస్టర్ తమ్ముడు. డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాడు. పక్క సీట్లో కూర్చుని రోజూ చావు తప్పించుకోవడమే ఉద్యోగం కాబట్టి అతనికి సముద్రమంటే లెక్కలేదు.

“అడుగక్కా, మొదటి దీవికి ఎన్నింటికి చేరతామో” అన్నాడు మేస్త్రి.

అక్కగారు అటు అడిగి, విని, ఇటు తిరిగి, “గాలిని బట్టి అంటున్నారు” అని ప్రకటించింది.

“సరే, మధ్యాహ్నం భోజనం ఎక్కడ?”

“గాలిని బట్టి అంటున్నారు.”

“పోనీ సాయంత్రం లంగరెక్కడ వేస్తాడు?”

“గాలిని బట్టి, ఎండని బట్టి అంటున్నారు. ఎండ వెనకనుంచి పడితేనే నీళ్ళ కింద పగడపు దిబ్బలు కనిపిస్తాయట. ఎదురెండలో వెళితే దిబ్బ తగిలాకే తెలుస్తుందట.”

“అక్కా, నేను మ్యాపులో గీసిన దారి చెప్పు అతనికి.”

అక్కగారు దీవుల పేర్లన్నీ వరసగా చదివింది. అటునుంచి చాలాసేపు ఏదో వినిపించింది.

“నవ్వుతున్నారు” అంది.

“నవ్వి?”

“ఇంకా నవ్వుతున్నారు. లైన్లో ఉండు.” మళ్ళీ చెవి ఆనించింది. “నువ్వు గీసిన గీత మీద రెండు పగడపు దిబ్బలు, ఒక ఊరు, ఆ ఊరి బడి ఆటస్థలం ఉన్నాయట. పడవకి చక్రాలుంటే వెళ్ళొచ్చంటున్నారు.”

తమ్ముడు పగలబడి నవ్వాడు. మేస్త్రి మొహం మాడ్చుకుని గీతలన్నీ చెరిపి, మళ్ళీ గీశాడు. ఆ నెలంతా అంతే. ఏ దీవిలో మంచినీళ్ళు దొరుకుతాయి, ఏ దీవిలో దోమలుంటాయి, పడవ ఎటు ఒరుగుతుంది, ఒరిగినప్పుడు గ్లాసు ఎక్కడ పెట్టాలి. సిస్టర్ అన్నం వడ్డిస్తుంటే గ్లాసు సంగతి. పడుకుంటే దోమల సంగతి. “ఏవండీ, ఇంతకీ వెళుతున్నామా?” అంటే, “అదేగా చూస్తున్నాను” అంటాడు. వినీ వినీ ఆవిడకి తల ప్రాణం తోకకొచ్చింది.

ఇంతలో ఆసుపత్రి థియేటర్ నేల పగలగొట్టి కొత్తగా వేయాలన్నారు. రెండు వారాలు ఆపరేషన్లు బంద్. డాక్టరుగారు సిస్టర్‌ని పిలిచి, “ఎక్కడికైనా వెళ్ళాలనుంటే ఇప్పుడే వెళ్ళండి. మళ్ళీ ఇలాంటి సెలవు నేను ఇవ్వలేను, మీరు అడగలేరు” అన్నాడు. సరిగ్గా ఆ రోజులకే కెప్టెన్ దగ్గర పడవ ఖాళీగా ఉంది. కానీ ఇంకో కుటుంబం కూడా అడుగుతోందట. శనివారం పొద్దుగూకేలోగా వస్తామని చెబితే వీళ్ళది, లేకపోతే వాళ్ళది.

“ఇంకేం, ఫోన్ చేసి చెప్పెయ్యండి” అంది సిస్టర్, బుధవారం.

“చెబుదాం. ఒక్కసారి గీసి చూసుకుని చెబుదాం.”

“ఏం గీస్తారు?”

“పడవ.”

కెప్టెన్ పంపిన పడవ పటం చేతిలో పట్టుకుని మేస్త్రి డాబా ఎక్కాడు. సన్నటి చెక్క బీడింగ్ పట్టీని విల్లులా వంచి, రెండు చివరలా ఇటుకలు పెట్టి, దాని వెంట గీస్తూ పోతే పడవ పక్కలు నిజంగా పడవ పక్కల్లాగే వంపు తిరిగాయి. మధ్యలో గది, గదిలో బల్ల, బల్లకి అటూ ఇటూ బెంచీలు. వెనక రెండు పడక గదులు. స్నానాల గది అగ్గిపెట్టె అంత. వంట చోటు మరీ అన్యాయం, దాన్ని గీస్తున్నప్పుడు మేస్త్రి ముఖంలో నిజమైన బాధ కనిపించింది. అన్నీ బాగానే కుదిరాయి గానీ డాబా చాలలేదు. పడవ ముక్కు, అందులో ఉండాల్సిన మూడుమూలల పడక గది మోకాలెత్తు పిట్టగోడ దాటి పక్కింటి పిన్నిగారి డాబా మీదికి పోయాయి.

పిన్నిగారు అభ్యంతరం చెప్పలేదు. బట్టల తాడు ఇంకోపక్కకి మార్చుకుంది. “గీసుకో నాయనా, నాకేం ఇబ్బంది లేదు” అని, గీసినంతసేపూ నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది. “ఇందులో దుప్పటి వాళ్ళే ఇస్తారా, మనం తెచ్చుకోవాలా?” అని కూడా అడిగింది. పిన్నిగారికి ఊసుపోక అడుగుతోందనుకుంది సిస్టర్.

శనివారం పొద్దున్నే రిహార్సల్ అన్నాడు మేస్త్రి. సాయంత్రం దాకా అందరూ ఆ గీతల లోపలే ఉండాలి. తాగడానికి మనిషికి ఇన్నే నీళ్ళు. గీత దాటితే సముద్రంలో పడ్డట్టు. తప్పులన్నీ ఇక్కడే బయటపడిపోతే, అక్కడ హాయిగా ఉండొచ్చు. సాయంత్రం ఫోన్ చేసి ఖాయం చేసేద్దాం.

“నిజంగా సాయంత్రం చేస్తారా?” అంది సిస్టర్.

“చెప్పానుగా.”

పొద్దున పదికల్లా డాబా పెనంలా కాలుతోంది. అక్కగారు గొడుగుతో పడవెక్కింది. తమ్ముడు డ్రైవింగ్ స్కూల్లో పాడైపోయిన స్టీరింగ్ ఒకటి పట్టుకొచ్చి, వెనకవైపు స్టూలు వేసుకుని చుక్కాని దగ్గర కూర్చున్నాడు. పిట్టగోడకి అవతల, పడవ ముక్కులో, పిన్నిగారు పీట వేసుకుని కూర్చుని చింకి చీర కుట్టుకుంటోంది. మేస్త్రి చెవి వెనక పెన్సిలు, చేతిలో సుద్దముక్క పెట్టుకుని చుట్టూ తిరుగుతున్నాడు.

“బావా, బ్రేకెక్కడుంది దీనికి?”

“పడవకి బ్రేకు ఉండదురా.”

“మరి ఎదురుగా ఎవరైనా వస్తే?”

“నువ్వు అరవాలి.”

“అది రోజూ చేసే పనేగా” అని స్టీరింగ్ గిరగిరా తిప్పాడు.

అక్కగారు స్నానాల గదిలోకి వెళ్ళి, ఎండలో గొడుగేసుకుని నిలబడి, “ఒరేయ్, తలుపు వేస్తే మోకాలు తగులుతోందిరా” అంది.

“లేని తలుపు మోకాలికెలా తగులుతుంది వదినగారూ?” అన్నాడు తమ్ముడు.

“గీసింది మా తమ్ముడు. వాడు గీస్తే తగులుతుంది.”

మేస్త్రి వంగి కొలిచి చూసి తల పంకించాడు. “ఆ తలుపు లోపలికి కాదు, బయటికి తెరుచుకోవాలి. ఫోన్ కలుపు అక్కా. మార్చమను.”

“ఎవర్ని?”

“కెప్టెన్ని. కీలు ఇటునుంచి తీసి అటు బిగిస్తే సరిపోతుంది. సముద్రం మీద సాయంత్రాలు ఖాళీగానే ఉంటాడుగా.”

అక్కగారు పడవలో నిలబడే ఫోన్ చేసి, అతి మర్యాదగా విషయం వివరించి, జవాబు వింది. “పడవ మార్చనంటున్నారు. మోకాలు మార్చుకోమంటున్నారు.”

సిస్టర్ తన పడక గదిలో, అంటే నీళ్ళ ట్యాంకు నీడ పడిన రెండు గీతల మధ్య, చాప మీద పడుకుని ఇదంతా వింటోంది. చూపు ముందుకి పోనిద్దామంటే పిన్నిగారి బట్టల తాడు, తాడు మీద ఏనుగు బొమ్మల దుప్పటి. ఇటు తిరిగితే ట్యాంకు. అటు తిరిగితే ఎదురింటి ఒంటె.

మధ్యాహ్నానికి తప్పులు బారులు తీరాయి. అక్కగారు భోజనం చేసి బెంచీ మీదనుంచి లేస్తే బల్ల మూల తగిలింది. తమ్ముడు మరచిపోయి గీత దాటి చేతులు కడుక్కోడానికి పోయి సముద్రంలో పడ్డాడు. “పడిపోయాడు, పడిపోయాడు!” అని మేస్త్రి కేకలేసి, ఒక తాడు విసిరి, దాని కొస అందుకునేదాకా వాణ్ణి మెట్ల దగ్గరే నిలబెట్టాడు. వాడి చేతిలో ఉన్న పెరుగన్నం మెతుకులు ఎండి గట్టిపడ్డాయి. ఇంతలో మంచినీళ్ళు అయిపోయాయి. ఎవరు తాగేశారని గొడవ. చుక్కాని దగ్గర కూర్చున్నవాడికి ఎక్కువ దాహమవుతుందని వాడు, మాట్లాడేవాళ్ళకి గొంతెండుతుందని అక్కగారు.

“ఇలాగైతే కష్టం” అన్నాడు మేస్త్రి తృప్తిగా.

ఆ తృప్తి చూసి సిస్టర్ లేచి కూర్చుంది. మొహంలో అంత తృప్తి పెళ్ళిపీటల మీద కూడా లేదు.

పొద్దు పడమటికి వాలింది. ఎదురింటి గోడ నీడ డాబా సగం దాకా వచ్చింది. “టైమవుతోంది, ఫోన్ చెయ్యండి” అంది సిస్టర్.

“చేద్దాం. కానీ చూశావుగా, ఆ తలుపు తేలలేదు. నీళ్ళ సంగతి తేలలేదు. బల్ల మూల గుండ్రంగా చేయించాలి. వచ్చే శనివారం ఇంకోసారి గీసి—”

“వచ్చే శనివారం ఆ పడవలో ఇంకోళ్ళుంటారు.”

“పడవలు ఇంకా దొరుకుతాయే.”

“పడవ దొరుకుతుంది. నాకు సెలవెవరిస్తారు? మళ్ళీ ఆ థియేటర్ నేల ఎవరు పగలగొడతారు, మీరా?”

మేస్త్రి ఆ సంగతి కూడా కాస్త ఆలోచించినట్టే కనిపించాడు. “నీ మంచికేగా చెబుతున్నాను. తప్పు తెలిసీ ఎలా పంపుతాను?”

సిస్టర్ ఏదో అనబోయి ఆగింది. పంపుతాను అన్నాడు. వెళతాం అనలేదు. ఆవిడ అతని కాళ్ళవంక చూసింది. సుద్దపొడి అంటిన చెప్పులు, గీతకి అంగుళం బయట. పొద్దున్నుంచి జరిగిందంతా ఒక్కసారి వెనక్కి తిప్పి చూసుకుంది. అన్నం తిన్నప్పుడు మెట్ల మీద కూర్చున్నాడు. నీళ్ళు తాగినప్పుడు ట్యాంకు పక్కన నిలబడ్డాడు. తలుపు కొలిచినప్పుడు బయటినుంచి వంగాడు.

“మీరు పొద్దున్నుంచి ఒక్కసారైనా పడవెక్కారా?”

“నేను లోపలుంటే బయటినుంచి తప్పులెవరు చూస్తారు? పనిలో ఎప్పుడూ అంతేగా.”

“ఇదేం వంటగది కాదు. ఏదీ, మన గదిలో మీరు పడుకునే చోటేది?” ఆవిడ తన చాప చుట్టూ చేత్తో తడిమింది. రెండు పరుపులు ఉండాల్సిన చోట ఒక్క పరుపే గీసి ఉంది, ఆవిడ కాళ్ళు చాపుకోడానికి వీలుగా వెడల్పుగా. “నలుగురు లేనిదే పడవ కదలదన్నాడు కదా. నేను, వదిన, వీడు. నాలుగో మనిషెవరు?”

పిట్టగోడ అవతల పిన్నిగారు దారం కొరికి తలెత్తింది.

“నేనే కదమ్మా! నీకు చెప్పలేదా? మీ ఆయన పోయిన నెలలోనే అడిగాడు. నేను పెట్టె కూడా సర్దుకున్నాను.”

తమ్ముడు స్టీరింగ్ ఒళ్ళో పెట్టుకుని, “బావా, బావా” అని నెమ్మదిగా అన్నాడు. అక్కగారు గొడుగు మూసేసింది. అంటే ఆవిడకి కూడా తెలుసు.

సిస్టర్‌కి ఒళ్ళు మండిపోయింది. నెలంతా బల్ల మీద, గోడ మీద, మంచం మీద గీసిన గీతలన్నీ ఆవిడ కళ్ళముందు వలలా లేచి నిలబడ్డాయి. “ఇన్నాళ్ళూ నన్ను తీసుకెళ్ళడానికి ప్లాన్ చేశారా, వదిలించుకోడానికి చేశారా?”

“అదేం మాట! అక్కడ నువ్వు ఇబ్బంది పడకూడదనేగా ఇదంతా.”

“మీరెందుకు రారు? అది చెప్పండి.”

“పని ఉంది. ఎదురువీధి వాళ్ళ వంటగది—”

“అది పోయిన నెలే అయిపోయింది, ఆ ఇంటావిడ నాకు చూపించింది.”

“నాకు ఈత రాదు.”

“ఈ డాబా మీద ఎవరికొచ్చు? పిన్నిగారికొచ్చా?”

“నాకు రాదమ్మా” అంది పిన్నిగారు నిజాయితీగా.

మేస్త్రి సుద్దముక్కని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. అక్క వంక చూశాడు, సాయం దొరకలేదు. “నేనొస్తే ఏం చేస్తాను చెప్పు. కొలవడానికి గోడ ఉండదు. ఎప్పుడు చేరతామంటే గాలిని బట్టి, ఎక్కడ ఆగుతామంటే గాలిని బట్టి. నీళ్ళ మీద సుద్ద ఆనదు. ఊరికే కూర్చోవడం నాకు చేతకాదే. నీ ప్రాణం తోడేస్తాను. తలుపు కీలు విప్పి మళ్ళీ బిగిస్తానంటాను. నువ్వు సముద్రం చూడవు, నన్ను చూసుకుంటూ కూర్చుంటావు. అందుకని...” కాస్త ఆగాడు. “నువ్వు వెళ్ళిరావాలనే అనుకున్నాను. కానీ రోజు దగ్గరపడే కొద్దీ, నేను లేకుండా నువ్వు అంత దూరం... ఇంకొక్కసారి గీసి చూద్దాం, ఇంకొక్కసారి గీసి చూద్దాం అనిపిస్తోంది.”

అంటే రమ్మంటే రాడు, పొమ్మనలేడు. మధ్యలో సుద్దముక్క పట్టుకుని నిలబడ్డాడు. సిస్టర్‌కి జాలి కలిగి ఉండాల్సిన చోటది. కలగలేదు, ఇంకా ఒళ్ళు మండింది.

“నేను చూపు ఆగని చోటు కావాలన్నాను. పక్కన మీరు లేని చోటు కావాలన్నానా? ఎప్పుడన్నాను, చెప్పండి!”

“అనలేదు.”

“మీరు ప్రాణం తోడేస్తారని నాకు తెలీదా? ఇన్నేళ్ళుగా తోడుతూనే ఉన్నారు. అక్కడికెళ్ళి కొత్తగా ఏం తోడతారు? వదినా, ఫోన్ కలపండి.”

అక్కగారి నడుం నిటారయింది. “ఏం చెప్పమంటావ్ అమ్మాయ్?”

“వస్తున్నామని. ఐదుగురు పడతారేమో అడగండి.”

“ఐదుగురా?” అన్నాడు మేస్త్రి. “దానికి ప్లానే లేదు!”

“లేదుగా. మంచిదైంది.”

అక్కగారు మాట్లాడుతుంటే పిన్నిగారు పిట్టగోడ పట్టుకుని మునికాళ్ళ మీద లేచింది, తన గది ఉంటుందో పోతుందోనని. అక్కగారు ఫోను చేత్తో మూసి తిరిగింది. “పడతారట. కానీ ఎవరో ఒకరు లోపల బల్ల పక్కన బెంచీ మీద పడుకోవాలట.”

“ఆ బెంచీ పొడవెంతో—” అని మొదలుపెట్టాడు మేస్త్రి.

నలుగురూ ఒక్కసారి అతనివైపు చూశారు. అతను నోరు మూసుకున్నాడు. మూసుకుని, ఆ బెంచీ గీసిన చోటు వంక చూశాడు. చూసి, చెప్పులు విప్పి పక్కన పెట్టి, గీత తొక్కకుండా పడవ వెనకవైపు మెట్టు గీసిన చోటు దాకా చుట్టూ తిరిగి వచ్చి, అక్కణ్ణుంచి లోపలికి వచ్చాడు. బల్ల పక్కన బెంచీ ఉండాల్సిన చోట, కాలుతున్న నేల మీద పడుకున్నాడు. పాదాలు గీత దాటి బయటికొచ్చాయి.

“చూశావా” అన్నాడు, “చాలలేదు.”

“ముడుచుకోండి” అంది సిస్టర్.

అతను ముడుచుకున్నాడు.

“ఖాయం చేశారు” అని ప్రకటించింది అక్కగారు. తమ్ముడు ఈల వేశాడు. పిన్నిగారు లోపలికి పరిగెత్తింది, పెట్టెలో ఇంకేదో పెట్టుకోడానికి. “కానీ ఇంకో మాటంటున్నారు. ఒడ్డున జాకెట్లు ఇచ్చే కొట్టు ఇప్పుడే మూసేస్తారట. నీళ్ళలో పడితే తేలడానికి వేసుకుంటారే, అవి. అందరి బరువులూ ఇప్పుడే చెప్పమంటున్నారు.”

తమ్ముడు తన బరువు చెప్పాడు. అక్కగారు తనది అందరికీ వినబడకుండా ఫోనులోనే చెప్పేసుకుంది. పిన్నిగారు లోపల్నుంచే ఒక అంకె అరిచింది, అది ఆవిడ పెళ్ళినాటిదై ఉండాలి. సిస్టర్ తనది చెప్పింది. ఇక మేస్త్రి మిగిలాడు.

“నాదా?” అన్నాడు పడుకునే. “నా బరువు నాకేం తెలుసు?”

“వీధిలో ప్రతి గరిటె పొడవూ తెలుసు, మీ బరువు తెలీదా?”

“నన్నెప్పుడు తూచుకున్నాను?”

వీధి మలుపులో మందుల షాపు ముందు బరువు తూచే యంత్రం ఒకటుంది. సిస్టర్ ఫోను లాక్కుని, మొగుణ్ణి రెక్క పట్టి లేపి, మెట్లు దింపి, వీధిలోకి లాక్కుపోయింది. వెనక అక్కగారు, తమ్ముడు. అందరికంటే వెనక పిన్నిగారు, తన అంకె నిజమేనో కాదో ఎవరూ తూచమనకుండా కాస్త ఎడంగా.

మందుల షాపు ముందు జనం ఉన్నారు. మేస్త్రి యంత్రం ముందు నిలబడి, అది నేల మీద మట్టంగా ఉందో లేదో వంగి చూశాడు.

“ఎక్కండి” అంది సిస్టర్.

“చెప్పులతోనా, లేకుండానా?”

“మీ చెప్పులు డాబా మీదే ఉన్నాయి. ఎక్కండి!”

ఎక్కాడు. ముల్లు గబుక్కున లేచి, అటు ఊగి, ఇటు ఊగి, వణకడం మొదలుపెట్టింది. మేస్త్రి మెడ వంచి దానివంకే చూస్తూ, ఊపిరి బిగబట్టి, కదలకుండా నిలబడ్డాడు. ముల్లు ఇంకా ఊగుతూనే ఉంది. సిస్టర్ దాన్ని ఒక్క చూపు చూసి, రెండు కొసలకీ మధ్యనున్న ఏదో ఒక అంకె కొట్టి పంపించేసింది.

“అయ్యో, ముల్లు ఆగలేదే! తప్పయితే?”

“జాకెట్ కాస్త వదులవుతుంది. దిగండి, వెనక జనం ఉన్నారు.”